కర్నూలు డెస్కు నుంచి విదేశీ జర్నలిజం మాస్టర్స్‌కి అప్లై చేయడం ఎలా

ఏటా నవంబర్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఆదోని నుంచో, రాయచోటి నుంచో, ధర్మవరం నుంచో ఎవరో ఒకరు. "అన్నా, ఫారిన్‌లో జర్నలిజం మాస్టర్స్ చేసినావంట కదా, నేనూ పెట్టాలనుకుంటున్నా, లాస్ట్ డేట్ జనవరిలో ఉంది, ఏం చేయాల?" అంటారు. నేను మొదట అడిగేది ఒకటే, పాస్‌పోర్ట్ ఉందా అని. ఎక్కువ మంది చెప్పే జవాబు "ఇంకా లేదన్నా". ప్రతిసారీ ఫోన్లో గంట సేపు చెప్పేదాన్ని ఇక్కడ ఒక్కసారి రాసి పెడుతున్నా.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఐదేళ్లు కంట్రిబ్యూటర్‌ని (అంటే మండల విలేకరిని), తర్వాత కర్నూల్లో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో రెండేళ్లు సబ్ ఎడిటర్‌ని. మొదటిసారి పెట్టినప్పుడు సీటు రాలేదు, రెండోసారి వచ్చింది. రెండుసార్లకీ మధ్య నా ఇంగ్లిష్ పెద్దగా మారలేదు, మార్కులు ఎలాగూ మారవు. మారింది అప్లికేషన్ ఒక్కటే. అందుకే అంత ధైర్యంగా చెబుతున్నా.

ఎక్కడికి పెట్టాలి

మనవాళ్లకు విదేశం అనగానే అమెరికా. అక్కడ కొలంబియా జర్నలిజం స్కూల్ ఉంది, పులిట్జర్ ఇచ్చిన డబ్బుతో 1912లో మొదలైంది, గొప్ప స్కూలే, కాదనను. కానీ ఫీజూ న్యూయార్క్ ఖర్చులూ కలిపితే లక్ష డాలర్లు దాటుతుంది. సగం స్కాలర్‌షిప్ ఇచ్చామని వాళ్లు సంబరంగా మెయిల్ పెట్టినా మిగతా సగానికి మన ఇళ్లలో ఉన్నదంతా అమ్మినా చాలదు. మన వృత్తిలో జీతాలు ఎంతో మీకు తెలుసు కదా, ఆ అప్పు తీర్చడానికి జర్నలిజం మానేసి వేరే ఉద్యోగం చూసుకోవాలి.

నేను మొదట చూడమనేది యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్ పథకం ఎరాస్మస్ ముండస్ కింద నడిచే 'జర్నలిజం, మీడియా అండ్ గ్లోబలైజేషన్'. రెండేళ్ల కోర్సు. మొదటి ఏడాది డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో అందరూ కలిసి చదువుతారు (స్పెల్లింగ్ అలా ఉంది గానీ అక్కడివాళ్లు ఓర్‌హూస్ అంటారు, ఇంటర్వ్యూకి ముందు తెలుసుకుంటే మంచిది). రెండో ఏడాది ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్, మ్యూనిక్ లాంటి చోట్ల ఉన్న భాగస్వామి యూనివర్సిటీల్లో ఒకదానికి వెళ్తారు, ఒక్కోచోట ఒక్కో స్పెషలైజేషన్. స్కాలర్‌షిప్ వస్తే ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా నెలకు 1,400 యూరోలు చొప్పున 24 నెలలు ఇస్తారు. అంత మంచిది కాబట్టే పోటీ కూడా ప్రపంచమంతా ఉంటుంది. సీటు వచ్చి స్కాలర్‌షిప్ రాకపోవడం కూడా జరుగుతుంది, అది వేరు ఇది వేరు అని గుర్తు పెట్టుకోండి.

బ్రిటన్‌లో మాస్టర్స్ ఏడాదిలో అయిపోతుంది. కార్డిఫ్‌లో ఇంటర్నేషనల్ జర్నలిజం ఎంఏ ఉంది, లండన్‌లో సిటీ సెయింట్ జార్జెస్ (పాత పేరు సిటీ యూనివర్సిటీ) ఉంది. వీటికి సొంత డబ్బుతో వెళ్లడం కంటే బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కి పెట్టడం మేలు. ఆగస్టులో తెరుస్తారు, అక్టోబర్‌లో మూసేస్తారు. మూడు కోర్సులు ఎంచుకోవచ్చు. 2,800 గంటల పని అనుభవం అడుగుతారు, అంటే సుమారు రెండేళ్లు. ఇందులో మనకు కలిసొచ్చే మాట ఒకటుంది, పార్ట్ టైమ్ పనినీ, జీతం లేకుండా చేసిన పనినీ కూడా లెక్కలోకి తీసుకుంటారు. మండల విలేకరి పనికి ఇంతకంటే సరిపోయే నిర్వచనం నాకు కనబడలేదు! చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలని షరతు, అది ఒప్పుకునే పెట్టాలి.

జర్మనీలో బాన్ నగరంలో డాయిచె వెల్లె (అక్కడి అంతర్జాతీయ ప్రసార సంస్థ) వాళ్ల అకాడమీ, అక్కడి రెండు యూనివర్సిటీలతో కలిసి ఇంటర్నేషనల్ మీడియా స్టడీస్ నడుపుతుంది. దీనికి చదువు తర్వాత మీడియాలో కనీసం ఏడాది అనుభవం ఉండాలి. జర్మనీకి పెట్టేవాళ్లు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని తనిఖీ చేసి ఇచ్చేది) సంగతి మర్చిపోవద్దు. 2022 నవంబర్ నుంచి భారతీయ విద్యార్థుల వీసాకి అది తప్పనిసరి, ఫీజు 18 వేలు, రావడానికి వారాలు పడుతుంది. స్కాలర్‌షిప్ లేకపోతే బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించాలి (2024 సెప్టెంబర్ నుంచి ఉన్న లెక్క ఇది, పెట్టే ముందు మళ్లీ చూసుకోండి).

పదింటికి పెట్టకండి, మూడో నాలుగో చాలు. పదింటికి పెట్టినవాడి లెటర్లో యూనివర్సిటీ పేరు ఒక్కటే మారుతుంది, చదివేవాళ్లకు అది మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

కన్సల్టెన్సీల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. మన ఊళ్లలో వీధికొకటి ఉంది. వాళ్లకు ఆదాయం ఎక్కువగా యూనివర్సిటీలు ఇచ్చే కమీషన్ నుంచి వస్తుంది, కాబట్టి కమీషన్ ఇచ్చే యూనివర్సిటీనే మీకు "బెస్ట్" అవుతుంది. ఎరాస్మస్, చీవ్‌నింగ్ గురించి వాళ్లను అడిగి చూడండి, "అవి రావు సార్, టైమ్ వేస్ట్" అంటారు. రావో వస్తాయో తర్వాత, అవి వస్తే వాళ్లకు రూపాయి మిగలదు.

కాగితాలు, అన్నిటికంటే ముందు పేరు

జనవరి గడువుకి పని జూన్‌లో మొదలుపెట్టాలి. లెటర్ రాయడానికి నెల చాలు, కాగితాలకు ఆరు నెలలు చాలవు.

నా పేరు పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది. డిగ్రీ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించేశారు. ఆధార్‌లో అదే ఇంటిపేరు చివరికి పోయింది, బ్యాంకు పాస్‌బుక్‌లో మధ్యలో మా నాయన పేరు వచ్చి కూర్చుంది. నాలుగు కాగితాలు, నలుగురు మనుషులు. మనకు ఇది మామూలే, "ఆ, అన్నీ వాడివే" అని గుమాస్తా కూడా అంటాడు, డెన్మార్క్‌లో ఫైలు చూసేవాళ్లు మాత్రం అనరు. మొదటిసారి నా అప్లికేషన్ మీద అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇదే: ఈ డిగ్రీ మెమోలో ఉన్నది మీరేనా?

కాబట్టి పదో తరగతి మెమోని మూలం అనుకోండి. అందులో ఎలా ఉందో ముందు ఆధార్‌ని అలా మార్పించి, తర్వాత పాస్‌పోర్ట్‌కి పెట్టండి. ఫారంలో సర్‌నేమ్ గడి ఖాళీగా వదలకండి, ఇంటిపేరు పూర్తిగా రాయండి, ఇనిషియల్ వద్దు. ఖాళీగా వదిలినవాళ్లకు అమెరికా వీసా మీద పేరు తెలియదు అనే అర్థం వచ్చే మూడక్షరాలు పడతాయి, ఆ తర్వాత జీవితమంతా ఆ మూడక్షరాలకు సంజాయిషీ చెప్పుకోవాలి. డిగ్రీ మెమోలో పేరు ఇక మారదు కాబట్టి ఇద్దరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి, ఇంగ్లిష్‌లో, స్కాన్ చేసి ఉంచుకోండి. పాస్‌పోర్ట్ కోసం ఇప్పుడు హైదరాబాద్ పోనక్కర్లేదు, పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలు మన వైపే ఉన్నాయి. మామూలు ఫీజు 1,500, తత్కాల్ అయితే ఇంకో 2,000. పోలీస్ వెరిఫికేషన్‌కి వచ్చేటప్పుడు మీరు ఊళ్లో ఉండేలా చూసుకోండి.

తర్వాత ట్రాన్స్‌క్రిప్ట్‌లు. మార్కుల మెమో వేరు, ట్రాన్స్‌క్రిప్ట్ వేరు. మెమో మీ దగ్గర ఉండేది, ట్రాన్స్‌క్రిప్ట్ అంటే యూనివర్సిటీ పరీక్షల విభాగం అన్ని సెమిస్టర్ల మార్కులూ ఒకచోట ముద్రించి సంతకం, సీలు వేసి ఇచ్చేది. ఇక్కడ మన జిల్లాల వాళ్లకు ఒక చిక్కుంది. కర్నూల్లో రాయలసీమ యూనివర్సిటీ 2008లో వచ్చింది, కడపలో యోగి వేమన యూనివర్సిటీ 2006లో వచ్చింది. అంతకుముందు కర్నూలు కాలేజీలకు అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ), కడప వాళ్లకు తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ). మీరు చదివిన కాలేజీ ఇప్పుడు ఎవరి కింద ఉందన్నది కాదు, మీ డిగ్రీ మీద ఏ యూనివర్సిటీ పేరు ఉందో అక్కడికే పోవాలి. నా సీనియర్ ఒకాయన రెండు రోజులు తప్పు యూనివర్సిటీ చుట్టూ తిరిగాడు, ఎవరూ చెప్పలేదు, కౌంటర్ మార్చి కౌంటర్‌కి పంపారు.

వెళ్లినప్పుడు ఒకేసారి మూడు అడగండి: ట్రాన్స్‌క్రిప్ట్‌లు కనీసం ఐదు సెట్లు సీల్డ్ కవర్లలో, ఒరిజినల్ డిగ్రీ (ప్రొవిజనల్‌తో చాలామంది ఏళ్లు గడిపేస్తారు), మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ సర్టిఫికెట్. తెలుగు మీడియంలో చదివితే తెలుగు అనే వస్తుంది, దానికి సిగ్గుపడేది లేదు, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష అందుకే ఉంది. సప్లీలు ఉంటే దాచకండి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనబడతాయి.

అనుభవం ఉంది, కాగితం లేదు

ఇదీ అసలు సమస్య, దీని గురించి ఎవరూ మాట్లాడరు. విదేశాల్లో గైడ్ రాసేవాళ్లందరూ "మీ ఎడిటర్ దగ్గర ఎక్స్‌పీరియన్స్ లెటర్ తీసుకోండి" అని ఒక్క లైన్‌లో రాసి పోతారు. మన దగ్గర కంట్రిబ్యూటర్ అంటే పత్రిక లెక్కలో ఉద్యోగే కాడు. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, నెలకింత అని పడుతుంది, అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు, పే స్లిప్ ఉండదు. లెటర్ ఇస్తే రేపు లేబర్ కోర్టుకి పోతాడేమోనని యాజమాన్యాల భయం. నేను పనిచేసిన పత్రికలో బ్రాంచి మేనేజర్ నాతో మర్యాదగానే చెప్పాడు, "నువ్వు మా దగ్గర పనిచేయలేదు అని నేననను, చేసినావని రాయను." ఐదేళ్లు రాత్రి పదింటికి కూడా ఫోన్ ఎత్తినవాడికి ఆ మాట ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

లెటర్ కోసం కొట్లాడుతూ నెలలు పోగొట్టకండి. దానికి బదులు సాక్ష్యాలు కూడబెట్టండి, ఏదైనా స్కాం మీద వార్త రాస్తే ఎలా కూడబెడతారో అలాగే. సమాచార పౌర సంబంధాల శాఖ ఇచ్చిన అక్రిడిటేషన్ కార్డు ఏ ఏ సంవత్సరాలవి ఉన్నాయో అన్నీ స్కాన్ చేయండి, మీరు విలేకరి అని ప్రభుత్వమే ఇచ్చిన కాగితం అది. పత్రిక ఇచ్చిన ఐడీ కార్డు ఉంటుంది. లైన్ అకౌంట్ డబ్బు బ్యాంకులో పడిన స్టేట్‌మెంట్ తీసి, ఆ లైన్లు మాత్రం పసుపు రంగులో గుర్తు పెట్టండి, ఎంత తక్కువ పడినా సరే. జిల్లా ఎడిషన్లో బైలైన్ (రాసినవాడి పేరు) ఇవ్వరు, ఊరి పేరు పెట్టి వదిలేస్తారు కాబట్టి వార్త పంపిన మెయిలో, వాట్సాప్ మెసేజో తేదీతో స్క్రీన్‌షాట్ తీసి అచ్చయిన క్లిప్పింగ్ పక్కన పెట్టండి. డెస్కులో మీ కాపీ దిద్దిన సబ్ ఎడిటర్ ఎవరైనా సొంత హోదాలో "ఈ వ్యక్తి ఫలానా కాలంలో ఫలానా మండలం నుంచి వార్తలు పంపేవాడు, నేను దిద్దేవాడిని" అని రెండు పేరాలు రాసి సంతకం పెడితే చాలు. ఇవన్నీ ఒకే పీడీఎఫ్‌లో పెట్టి, ముందు పేజీలో భారతీయ భాషా పత్రికల్లో స్ట్రింగర్ వ్యవస్థ ఎలా ఉంటుందో ఆరు లైన్లలో వివరించండి. నేను రెండోసారి చేసింది ఇదే. ఇంటర్వ్యూలో ఆ పేజీ మీదే ఎక్కువసేపు మాట్లాడారు.

క్లిప్పింగులు, అనువాదం

రెండో మూడో వర్క్ శాంపిల్స్ అడుగుతారు. మొదటిసారి నేను పెట్టినవి: ముఖ్యమంత్రి పర్యటన, తుంగభద్రకి వరద, ఒక ఆధ్యాత్మిక కార్యక్రమం. మొదటి పేజీలో వచ్చాయి కదా అని మురిసిపోయి పెట్టా. మొదటి పేజీ అనేది మన డెస్కు కొలమానం. వాళ్లు చూసేది ఇంకొకటి, ఈ మనిషి ఎవరూ చెప్పనిది వెళ్లి కనుక్కున్నాడా లేదా, ఎంతమందితో మాట్లాడాడు అని.

రెండోసారి పెట్టింది సుగ్గి మీద రాసింది. బయటివాళ్లకు చెప్పాలి గానీ మన పడమటి పల్లెలవాళ్లకు తెలుసు, కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం వైపు నుంచి పంట కోతలైపోగానే కుటుంబాలు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి, దాన్నే సుగ్గికి పోవడం అంటాం. ఆ నెలల్లో బడి హాజరు రిజిస్టర్లో పేర్లు ఉంటాయి, బెంచీల మీద పిల్లలుండరు. జిల్లా పేజీలో లోపల ఎక్కడో వచ్చిన వార్త అది, ఫోటో కూడా వేయలేదు. కానీ అందులో బడి ఉంది, కూలీ మేస్త్రీ ఉన్నాడు, తల్లి ఉంది, సీజనల్ హాస్టల్ వార్డెన్ ఉన్నాడు.

మీ మండలంలోనూ ఇలాంటిది ఉంటుంది. కడప వైపు వాళ్లకు కువైట్ ఉంది, ఎర్రచందనం ఉంది, తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల నీళ్ల గొడవ ఉంది. అనంతపురం వాళ్లకు వేరుశనగ, కరువు, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చాక చుట్టుపక్కల భూమి ధరలు. తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరి పడగానే వజ్రాలు వెతకడానికి వచ్చే జనం. ఇవన్నీ ప్రపంచానికి ముడిపడినవే, మిరప ఎగుమతైనా, కువైట్ ఇంటి పనైనా, యురేనియమైనా. కోర్సు పేరులో గ్లోబలైజేషన్ అని ఉంటే దాని కోసం వాషింగ్టన్ గురించి రాయనక్కర్లేదు.

అనువాదం మీరే చేసుకోండి, "రచయితే అనువదించినది" అని పైన రాయండి, అసలు తెలుగు క్లిప్పింగ్ కింద పెట్టండి. చేసేటప్పుడు చేయి ఊరుకోదు, అప్పుడు లేని కోట్ ఒకటి ఇప్పుడు పెడదామనిపిస్తుంది, ముగింపు మెరుగుపరుద్దామనిపిస్తుంది. వద్దు. తెలుగు చదివేవాళ్లు ఆ యూనివర్సిటీల్లోనూ దొరుకుతారు. మనం "వాపోయారు", "ఆవేదన వ్యక్తం చేశారు", "సర్వత్రా విమర్శలు వెల్లువెత్తుతున్నాయి" అని రాస్తాం కదా, వాటిని ఇంగ్లిష్‌లో "అన్నారు" అంటే చాలు. సర్వత్రా అంటే ఎవరో చెప్పలేకపోతే ఆ వాక్యాన్ని శాంపిల్‌కి తీసుకోకండి, ఇంకో వార్త వెతకండి. మండలం, వీఆర్వో, మేస్త్రీ లాంటి మాటలకు అడుగున ఒక్కో లైన్ వివరణ ఇస్తే సరిపోతుంది.

చేతిలో మంచి క్లిప్పింగ్ ఒక్కటీ లేకపోతే? ఆరు నెలలు ముందు మొదలుపెట్టమన్నది అందుకే. 2014లో జర్నలిస్టు పి. సాయినాథ్ మొదలుపెట్టిన పారీ (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) అనే వెబ్‌సైట్ ఉంది, గ్రామీణ భారతం గురించే రాస్తారు, తెలుగులోనూ వస్తుంది, కొత్తవాళ్ల రచనలూ తీసుకుంటారు. అక్కడ ఎడిటర్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడమే సగం ట్రైనింగ్.

లెటర్

మోటివేషన్ లెటర్ అనండి, ఎస్ఓపీ అనండి, ఈ కోర్సు మీకెందుకో చెప్పే లెటర్. ఫోన్ చేసేవాళ్లు పంపే డ్రాఫ్టుల్లో పదింట ఎనిమిది ఇలా మొదలవుతాయి: "చిన్నప్పటి నుంచి నాకు పత్రికలంటే ప్రాణం, మా తాత రోజూ పేపర్ చదివి వినిపించేవాడు." మీ తాత నిజంగానే చదివి ఉండొచ్చు, కానీ ఆ వారం వాళ్లు చదివే లెటర్లలో అలాంటి తాతలు ఎంతమందో! మిగతావి చాట్‌జీపీటీ రాసినవి, అవి ఇంకా తేలిగ్గా దొరికిపోతాయి, ఎక్కడా ఒక ఊరి పేరు ఉండదు.

డెస్కులో వార్త దిద్దేటప్పుడు మనం ఏం అడుగుతాం? ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, నీకెట్లా తెలుసు. మీ లెటర్‌కీ అవే ప్రశ్నలు వేయండి. "గ్రామీణ సమస్యల మీద నాకు లోతైన అవగాహన ఉంది" అని ఉంటే పక్కన పెన్నుతో "ఏ గ్రామం?" అని రాయండి. నా రెండో లెటర్ మొదటి వాక్యం తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "డిసెంబర్‌లో కోసిగి దగ్గర ఒక బడికి వెళితే టీచరు హాజరు పిలుస్తున్నారు, పలికేవాళ్లు లేరు." అంతే. అక్కడి నుంచి నాకు ఏం తెలియలేదో రాశా. ఈ కుటుంబాలు ఎన్ని, ఎవరి లెక్క నిజం, ప్రభుత్వ డేటా ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఎలా చదవాలి, ఇవేవీ నాకు చేతకాలేదు, వార్త నాలుగు పేరాల్లో ఆగిపోయింది. కాబట్టి డేటా, వలసల రిపోర్టింగ్ నేర్పే ఫలానా స్పెషలైజేషన్ కావాలి. చేతకానిది ఒప్పుకోవడం మన దగ్గర బలహీనత, లెటర్లో మాత్రం అదే మీరెందుకు రావాలో చెప్పే కారణం. అన్నీ వచ్చినవాడికి మాస్టర్స్ ఎందుకు?

వ్యాపారం సంగతి కూడా రాయొచ్చు. పండక్కి యాడ్ టార్గెట్లు, ఎవరి దగ్గర యాడ్ తీసుకున్నామో వాళ్ల మీద వార్త రాయలేకపోవడం, ఇది మనం రోజూ అనుభవించేది, అక్కడ క్లాసుల్లో మీడియా ఎకానమీ అని చదివేది. పత్రిక పేరు చెప్పకుండా, ఏడుపు లేకుండా, ఎలా పనిచేస్తుందో రెండు వాక్యాల్లో వివరించండి.

తిరిగొచ్చి ఏం చేస్తారు అని అడుగుతారు. "సమాజానికి సేవ" అని రాయకండి. ఏం చేస్తారో రాయండి, చిన్నదైనా సరే.

సీవీ గురించి ఎక్కువ లేదు. రెండు పేజీలు. తండ్రి పేరు, మతం, పెళ్లయిందా లేదా, చివర్లో "పైన తెలిపిన వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అని సంతకం, ఇవన్నీ తీసేయండి.

రెఫరెన్సులు

ఇద్దరు కావాలి, ఒకరు చదువు చెప్పినవారు, ఒకరు పని చేయించినవారు. మనవాళ్ల పద్ధతి మీకు తెలుసు, "నువ్వే రాసుకుని తీసుకురాప్పా, సంతకం పెడతా" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ రెండు లెటర్లూ మీరే రాస్తే రెండిట్లో అవే విశేషణాలు, అవే కామాలు. నేను మా డెస్క్ ఇన్‌చార్జిని టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి, "నా గురించి నిజంగా ఏమనుకుంటారో తెలుగులో చెప్పండి, తిట్టినా సరే" అన్నా. ఆయన నేను లేటుగా కాపీ ఇస్తానని, కానీ ఒకసారి ఇచ్చాక అందులో తప్పు పట్టుకోవడం కష్టమని చెప్పాడు. అదే ఇంగ్లిష్‌లో పెట్టి, మళ్లీ చదివి వినిపించి, ఆయన మార్పించిన చోట మార్చి, ఆయన మెయిల్ నుంచే పంపించా. ఆ లేటు సంగతి కూడా ఉంచేశాం.

చాలా యూనివర్సిటీలు లింక్ నేరుగా రెఫరీ మెయిల్‌కి పంపుతాయి. సొంత జీమెయిల్ కంటే కాలేజీదో ఆఫీసుదో మెయిల్ ఉంటే నయం. మా సార్‌కి కాలేజీ మెయిల్ ఉన్న సంగతే గుర్తులేదు, పాస్‌వర్డ్ కోసం వారం తిరిగాం. నా మొదటి అప్లికేషన్లో ఒక రెఫరెన్స్ గడువు దాటాక వెళ్లింది, లింక్ స్పామ్‌లో పడి ఉంది, నేను ఫోన్ చేసి అడగడానికి మొహమాటపడ్డా. మొహమాటపడకండి. గడువుకి పది రోజుల ముందు లింక్ వచ్చేలా చేసి, రెండు రోజులకోసారి వెళ్లి పక్కన కూర్చోండి.

ఐఈఎల్‌టీఎస్

ఫీజు 18 వేల చుట్టూ ఉంటుంది, స్కోరు రెండేళ్లు చెల్లుతుంది, కాబట్టి ఈ ఏడాది రాకపోయినా వచ్చే ఏడాదికి పనికొస్తుంది. పరీక్ష రాయడానికి అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర, కర్నూలు వాళ్లకు హైదరాబాద్. ముందు రోజే వెళ్లి పడుకోండి, రాత్రి బస్సు దిగి నేరుగా వెళితే లిజనింగ్‌లో నిద్ర వస్తుంది, నాకు వచ్చింది. జర్నలిజం కోర్సులు మామూలు కోర్సుల కంటే ఎక్కువ స్కోరు అడుగుతాయి, రైటింగ్‌లో విడిగా ఇంత రావాలని కూడా పెడతాయి, కోర్సు పేజీలో చూసుకోండి. మనకు తక్కువ వచ్చేది సాధారణంగా రైటింగ్‌లోనే, ఇంగ్లిష్ రాక కాదు, తెలుగు ఎడిటోరియల్ లాగా వాక్యం మీద వాక్యం ఎక్కించడం వల్ల. స్పీకింగ్ పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు, అది మనకు భయం లేదు, ఎస్పీ ప్రెస్ మీట్లో ప్రశ్న అడిగినవాడికి అదెంత. యాస గురించి టెన్షన్ వద్దు, మాట అర్థమైతే చాలు.

డబ్బు

ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లలకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, వయసు 35 లోపు, మార్కులు 60 శాతం ఉండాలి. ఎస్టీలకు గిరిజన వ్యవహారాల శాఖది వేరే ఉంది. మన దగ్గర ఎంతమంది అర్హులో, ఎంత తక్కువ మందికి తెలుసో చూస్తే బాధేస్తుంది. ఆదాయ ధ్రువీకరణ పత్రం ముందే తీసుకుని ఉంచుకోండి.

లోన్ అయితే, ప్రభుత్వ బ్యాంకుల్లో 7.5 లక్షలు దాటితే సాధారణంగా తనఖా అడుగుతారు, వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తనఖాగా తీసుకోవు. "ఆరెకరాలుంది సార్" అని వెళ్లి బ్యాంకులో తల వంచుకుని తిరిగొచ్చినవాళ్లను చూశా. ఇంటి స్థలం కాగితాలు ఉంటేనే మాట్లాడతారు. ఊళ్లో వడ్డీకి తెచ్చి మాత్రం వెళ్లకండి, ఈ చదువు ఆ వడ్డీని మోయలేదు.

ఇంటర్వ్యూ, ఆ తర్వాత

పిలిస్తే జూమ్‌లో అరగంట లోపే అయిపోతుంది. కరెంటు పోతుందని ముందే అనుకుని రెండు సిమ్ముల హాట్‌స్పాట్, ఛార్జ్ నిండిన ల్యాప్‌టాప్ పెట్టుకోండి. నేను ఆదివారం మూసి ఉన్న స్నేహితుడి ఆఫీసులో కూర్చున్నా. పంపిన క్లిప్పింగులు మళ్లీ చదువుకోండి, అడిగేది వాటి మీదే: ఈ లెక్క ఎవరిచ్చారు, అధికారి వెర్షన్ ఎందుకు లేదు, ఈ రోజు రాస్తే ఏం మారుస్తారు. ఇండియాలో పత్రికా స్వేచ్ఛ గురించి కూడా అడగొచ్చు. రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ (ఆర్‌ఎస్‌ఎఫ్) అనే సంస్థ ఏటా ఇచ్చే పత్రికా స్వేచ్ఛ సూచీలో మన దేశం 2023లో 161, 2024లో 159, 2025లో 151వ స్థానంలో ఉంది. అంకె చెప్పి ఊరుకోకండి, మీ మండలంలో ఇసుక వార్త రాస్తే ఏమవుతుందో చెప్పండి.

ఫలితం వచ్చేదాకా మెయిల్లో స్పామ్ రోజూ చూడండి. నో అని వస్తే కారణం అడుగుతూ మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి, అందరూ జవాబివ్వరు, నాకు మొదటిసారి రెండు వాక్యాలు ఇచ్చారు, పైన రాసిన పేరు సంగతీ శాంపిల్స్ సంగతీ అందులోవే. రిజర్వ్ లిస్ట్ అని వస్తే అది నో కాదు. పైవాళ్లు ఎవరైనా వదులుకుంటే కిందకి దిగుతుంది, అప్పుడు జవాబు చెప్పడానికి కొద్ది రోజులే టైమ్ ఇస్తారు. నాకు ఆ మెయిల్ మే నెలలో ఒక మధ్యాహ్నం వచ్చింది, నేను ఆదోని పత్తి మార్కెట్లో ధరల వార్త కోసం తిరుగుతున్నా, సిగ్నల్ కోసం గోడౌన్ పైకెక్కి "యాక్సెప్ట్" నొక్కా. పాస్‌పోర్ట్ స్కాన్ అడిగారు, ఫోన్లోనే ఉంది.